ప్రసూన సర్టిఫికెట్లు

నేను ఒక లామినేషన్ మెషీన్‌ని. జిరాక్సు షాపుల్లో బల్ల చివర బూడిదరంగు ఇనప్పెట్టె ఒకటి ఉంటుంది చూడండి, ఒక పక్క కాగితం పెడితే రెండో పక్క నుంచి ప్లాస్టిక్కు తొడుక్కుని వేడివేడిగా బయటికొస్తుంది, అదే నేను. లోపల నాలుగు రబ్బరు రోలర్లు, వాటిని వేడెక్కించే తీగ ఒకటి, ఇంతే నా సంసారం. నాకు మాటలు రావు. మాటలొచ్చిన మనుషులు వాటిని ఏం చేసుకున్నారో దగ్గరుండి చూశాను కాబట్టి, ఇన్నాళ్ళకు నా కథ చెప్పుకోవాలనిపించింది. నా కథంటే నిజానికి ఒక తండ్రీ కూతుళ్ళ కథే. అందులో నేను చేసిన పాపం కూడా ఉంది.

నన్ను బిగించింది ఢిల్లీ శివార్లలో ఒక రేకుల షెడ్డులో. బిగించినవాళ్ళు నన్ను మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. పాత పేపరు ముక్క ఒకటి మింగించి చూసి, అట్టపెట్టెలో పడుకోబెట్టారు. మొదటి కాపురం ఏలూరులో, కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో. ఆ యజమానికి తొందరెక్కువ. నేను సరిగా వేడెక్కకముందే కాగితం తోసేసేవాడు, అది లోపల ఇరుక్కుంటే నా నెత్తిన మొట్టేవాడు. నాలుగేళ్ళు మొట్టికాయలు తిన్నాక ఆయనగారు పెద్ద మెషీన్ తెచ్చుకుని నన్ను వదిలించుకున్నాడు. అలా తణుకు నుంచి వచ్చిన పాలపర్తి అప్పాజీగారి చేతుల్లో పడ్డాను.

అప్పాజీగారు నన్ను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చారు. "పెట్టె కింద పెట్టండి, మనిషి కూర్చుంటాడు" అని కండక్టరు కసురుకుంటే, "కుదుపులకి పాడవుద్దండీ, నా ఒళ్ళోనే ఉంటాది, ఎవరికీ అడ్డం రాదు" అని బతిమాలుకున్నారు. నన్ను ఒళ్ళో పెట్టుకున్న మనిషి అంతకుముందు లేడు, ఆ తర్వాతా లేడు.

ఆయన అంతకుముందు ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు పేర్చేవారు. కంప్యూటర్లు వచ్చి ఆ ప్రెస్సు మూతపడింది. పాతికేళ్ళు కాగితం మధ్య బతికిన మనిషికి కాగితం ఎలా చస్తుందో బాగా తెలుసు. ఆయన ఎస్సెల్సీ సర్టిఫికెట్టును చెదలు తినేశాయి. పెళ్ళి ఫోటో ఒక వానాకాలం గోడ చెమ్మకు పోయింది. కూతురు ప్రసూనను కన్న రెండేళ్ళకే ఆ భార్యా పోయింది, ఆవిడ మొహం చూపిద్దామంటే పిల్లకు ఒక్క ఫోటో మిగల్లేదు. అందుకని ఆయనకు ప్లాస్టిక్కు మీద గొప్ప భక్తి. "నీళ్ళు పోసినా చెక్కుచెదరదండీ, మన తర్వాత కూడా ఉంటాది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆ మాట అన్నప్పుడల్లా నన్ను ఒకసారి తట్టేవారు. ఏ పని చేసినా "మనం చేశాం" అనేవారు, నన్ను కూడా కలుపుకుని.

మనుషులు ఏమేం దాచుకోవాలనుకుంటారో తెలియాలంటే నా పక్కన ఒక్కరోజు కూర్చుంటే చాలు. రేషన్ కార్డులు, జాతకాలు, టిఫిన్ సెంటర్లో దోసెల ధరల పట్టిక, ఇక్కడ వాహనములు నిలపరాదు అన్న హెచ్చరిక, అన్నీ నా లోపలి నుంచే వెళ్ళాయి. ఒకావిడ మిక్సీ గ్యారంటీ కార్డుకు ప్లాస్టిక్కు వేయించుకుంది, ఏడాది తిరక్కుండా మిక్సీ పోయింది, కార్డు మాత్రం నిక్షేపంలా ఉంది. ఒక కుర్రాడు చుట్టూ చూసి, నలిగిన బస్సు టిక్కెట్టు ఒకటి తీసి, దీనికి వెయ్యండి అన్నాడు. అప్పాజీగారు ఎందుకని అడగలేదు. టిక్కెట్టును అరచేత్తో సాపుచేసి నాకిచ్చారు.

షాపు ఉన్నది మునిసిపల్ బాలికల హైస్కూలు గేటు పక్కన. గేటు లోపల సిమెంటు కోర్టు, దానికి అటూ ఇటూ తుప్పుపట్టిన రింగులు. పొద్దున్న ఆరింటికి మొదలై ఎండెక్కేదాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా బంతి చప్పుడు వినబడుతూనే ఉండేది. ఎలీషా మాస్టారని ఆ స్కూలు డ్రిల్లు మాస్టారు బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెట్టేవారు. పదేళ్ళ ప్రసూన షాపులో కూర్చుంటే కాళ్ళు బల్ల కిందనుంచి రోడ్డు మీదకు వచ్చేవి. అది చూసి మాస్టారు, "అప్పాజీ, ఈ కాళ్ళు షాపులో ఉండాల్సినవి కాదయ్యా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు.

మొదటి సర్టిఫికెట్టు పదమూడేళ్ళలోపు పిల్లల జిల్లా పోటీలది. మొదటి ఆటలోనే ఓడిపోయి వచ్చారు, పాల్గొన్నందుకు ఇచ్చిన కాగితం అది. అప్పాజీగారు దాన్ని నాలో పెట్టి, బయటికొచ్చాక చల్లారేదాకా పంచాంగం కింద నొక్కిపెట్టి, మూలలు గుండ్రంగా కత్తిరించి, గోడకు కొట్టారు.

"ఓడినదానిక్కూడానా అప్పాజీ" అని మాస్టారు నవ్వారు.

"మొదటిది కదండీ మాస్టారూ" అన్నారు ఈయన.

తర్వాత గోడ నిండటం మొదలుపెట్టింది. పదహారేళ్ళలోపు రాష్ట్ర పోటీల్లో మన జిల్లా గెలిచింది, కెప్టెన్ ప్రసూన. జూనియర్ నేషనల్స్‌లో మన రాష్ట్రం ఎప్పుడూ మధ్యలోనే ఇంటికొచ్చేసేది. ప్రసూన వెళ్ళిన ఏడాది కాంస్యం తెచ్చింది, ఆ పిల్ల ఒక్కతే సెమీఫైనల్లో ముప్పై ఒక్క పాయింట్లు చేసింది. యూనివర్సిటీల పోటీల్లో వరసగా మూడేళ్ళు బంగారం, రెండుసార్లు ఉత్తమ క్రీడాకారిణి. ఒక్కొక్క కాగితం ఇంటికి రావడం, ఆ సాయంత్రమే నా లోపలి నుంచి వెళ్ళడం. ఆ పిల్ల ఎత్తు పెరగడాన్ని ఇంట్లో గుమ్మం మీద గీతలు పెట్టి చూసుకున్నారో లేదో నాకు తెలియదు గానీ, ఆట పెరగడం మాత్రం నా రోలర్ల మీదుగానే జరిగింది. ఎత్తు అయిదడుగుల పదకొండంగుళాలు. సంబంధాలు చూసేవాళ్ళు వచ్చి, తలెత్తి చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. "వాళ్ళకి మెడనొప్పి వస్తాదని భయం నాన్నా" అని ఆ పిల్లే నవ్వేసేది.

సీనియర్ నేషనల్స్ ఫైనల్ సంగతి నేను కనీసం రెండొందల సార్లు విన్నాను. స్కోరు అరవై ఒకటి, అరవై ఒకటి. ప్రసూనను ఎవరో తోసేశారు, రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. ఎవరూ అడ్డం రాని గీత దగ్గర ఒంటరిగా నిలబడి, జనమంతా అరుస్తుండగా వేయాలి. రెండూ వేసింది. మిగిలిన సమయం అప్పాజీగారి లెక్కలో మొదట నాలుగు సెకన్లు, వినాయక చవితికి మూడయ్యాయి, దసరా వచ్చేసరికి ఒక్కటే మిగిలింది. ఆయన ఆ ఆట చూడనేలేదు. మాస్టారు ఫోనులో చెప్పిందే. అయినా చెప్తూ చెప్తూ ఆయన కూడా మోకాళ్ళు కొంచెం వంచి, చెయ్యి పైకెత్తి, గాల్లోకి వేసి చూపించేవారు. జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు కాగితాలు పట్టుకుని ఓపిగ్గా నిలబడేవారు.

ఆ తర్వాత ఏడాది ఇండియా జట్టుకు ఎంపికైంది. పొరుగుదేశాలన్నీ కలిసి ఆడే పోటీల్లో మనవాళ్ళకు బంగారం వచ్చింది, అందరికంటే ఎక్కువ పాయింట్లు ప్రసూనవే. తణుకు స్టేషన్లో పొద్దున్నే రైలు దిగి, ఇంటికెళ్ళి స్నానం చేసి, మెడల్ మెళ్ళో వేసుకుని షాపుకొచ్చింది. సర్టిఫికెట్టు బల్లమీద పెట్టి, "నాన్నా, మాస్టారికి మెడల్ చూపించి వస్తా" అని వెళ్ళింది.

ఆ కాగితం అన్నిటిలాంటిది కాదు. మందంగా, మీగడ రంగులో, చుట్టూ సన్నటి బంగారు అంచు, మధ్యలో బంగారు అక్షరాల్లో ఆ పిల్ల పేరు. అప్పాజీగారు చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చారు. నన్ను పాత బనీను గుడ్డతో తుడిచారు. ఉన్నవాటిలో మందపాటి ప్లాస్టిక్కు తీశారు. నేను బాగా వేడెక్కేదాకా రెండు చేతులూ బల్లమీద ఆనించి నిలబడ్డారు. "జాగర్త, ఇది మనం చేసినవాటన్నిట్లోకీ పెద్దది" అని నాతో అన్నారు. నేనూ ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేశాను. ఒక్క బుడగ లేదు, ఒక్క ముడత లేదు. నా జన్మలో అంత బాగా చేసిన పని ఇంకొకటి లేదు. ప్రసూన తిరిగొచ్చి చూసి, "భలే వచ్చింది నాన్నా" అంది. ముగ్గురం ఆ పూట ఎంతో సంతోషంగా ఉన్నాం.

బాస్కెట్‌బాల్ ఆడే ఆడపిల్లకు చదువు అయిపోయాక ఆట మిగలాలంటే ఒక్కటే దారి. జట్టు ఉన్న ఏదైనా పెద్ద సంస్థలో ఉద్యోగం రావాలి. అక్కడ మంచి కోర్టు, కోచ్, ఏడాది పొడుగునా పోటీలు. అది లేకపోతే ఎంత ఆట వచ్చినా ఆడటానికి జట్టుండదు. ఇరవై మూడేళ్ళ ప్రసూనకు అలాంటి ఉద్యోగానికి పిలుపొచ్చింది. సంస్థ పేరు చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు. అప్పాజీగారు ఆ ఉత్తరం పట్టుకుని వీధంతా తిరిగారు. ప్రసూన సర్టిఫికెట్లన్నీ గోడమీంచి దింపి, సంచిలో సర్దుకుని వెళ్ళింది.

మూడోరోజు మధ్యాహ్నం తిరిగొచ్చింది. అప్పాజీగారు భోజనానికి ఇంటికి వెళ్ళారు. ఎలీషా మాస్టారు ఒక్కరే షాపు చూస్తూ కూర్చున్నారు.

"ఏమ్మా, అయిపోయిందా" అన్నారాయన.

ప్రసూన సంచి కింద పెట్టింది. "మిగతావాటికి జిరాక్సులు చాలన్నారు మాస్టారూ. ఇండియాకి ఆడినదానికి మాత్రం అసలు కాగితం వెనకాల బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ వాళ్ళు ముద్రేసి సంతకం పెట్టాలంట. ప్లాస్టిక్కు మీద ముద్ర పడదు. లామినేషన్ చేసినవి తీసుకోరంట. కాగితం తెమ్మన్నారు. పదిరోజులు గడువిచ్చారు."

"ఇంకోటి ఇమ్మని అడుగుదాం."

"ఫెడరేషన్ వాళ్ళు రెండు ముక్కలై కోర్టుకెళ్ళారంట. వీళ్ళనడిగితే వాళ్ళ దగ్గరికి పొమ్మంటున్నారు, వాళ్ళనడిగితే వీళ్ళ దగ్గరికి. కాగితం ఉంటే ఎవరో ఒకరు ముద్రేస్తారంట, కొత్తది మాత్రం ఎవరూ ఇవ్వరంట."

మాస్టారు గోడవైపు చూశారు. ఆ తర్వాత నావైపు చూశారు. నాకు అప్పుడు అర్థమైంది.

ప్రసూన నా స్విచ్చి వేసింది. వేడి పెంచే మరను చివరిదాకా తిప్పింది. ఆ సర్టిఫికెట్టును మళ్ళీ నాలోంచి పంపించింది. ప్లాస్టిక్కు మెత్తబడితే ఊడొస్తుందని ఆ పిల్ల ఆశ. కానీ నేను పట్టుకున్నది వదిలేలా నన్నెవరూ తయారుచెయ్యలేదు. మూల గోరుతో లేపి, కాలుతున్నా వదలకుండా, ఊదుకుంటూ, నెమ్మదిగా లాగింది. పైపొర వచ్చింది. దాంతోపాటే బంగారు అక్షరాలు, అంచు, సంతకాలు, పాలపర్తి ప్రసూన అన్న పేరు, అన్నీ ప్లాస్టిక్కుకు అంటుకుని వచ్చేశాయి. బల్లమీద మిగిలింది నూగు లేచిన తెల్ల కాగితం. కెప్టెన్‌గా ఎన్ని ఆటల్లో నిలబడిందో ఆ పిల్ల, అప్పుడు కుర్చీ కోసం చేత్తో తడుముకుంది.

కూర్చున్నాక అంది. "నాన్నకి చెప్పకండి మాస్టారూ."

"చెప్పకపోతే ఎలాగమ్మా, రేపు అడగడూ."

"నేనే వద్దన్నానని చెప్తాను. అంతదూరం పోయి ఉండలేనంటాను. తిడతారు, అంతేగా. ఇది తన చేత్తోనే పోయిందని తెలిస్తే నాన్న బతకలేరు."

మాస్టారు చేత ఒట్టు వేయించుకుంది. ఆయన ఆ ఒట్టు రెండేళ్ళపాటు, తాను పోయేదాకా నిలబెట్టుకున్నారు. ఆ రెండు ముక్కలనూ ప్రసూన సంచి అడుగున పెట్టేసింది. నా మీద కోపం చూపించలేదు. పోతూపోతూ స్విచ్చి కూడా ఆర్పింది.

పదకొండో రోజున, గడువు దాటాకే, ఉద్యోగం వద్దన్నానని తండ్రికి చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. అప్పాజీగారు మొదట నమ్మలేదు. తర్వాత ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. "దేశం తరఫున ఆడినదానివి. నీకోసం కుర్చీ వేసి కూర్చోబెడతామంటే వద్దని వచ్చేశావా. పొగరు కాకపోతే ఏంటిది. ఆ సర్టిఫికెట్టేదీ?"

"ఆఫీసులో ఇచ్చాను నాన్నా. పోస్టులో పంపిస్తామన్నారు."

"అది కూడా తెచ్చుకోలేదూ" అని ఆయన కూలబడ్డారు.

ఆ రోజుతో ప్రసూన ఆట అయిపోయినట్టే. అప్పటికి దేశంలో ఆమెకంటే బాగా ఆడే పిల్లలు నలుగురైదుగురు మించి లేరని మాస్టారు అనేవారు. రాష్ట్రం జట్టులో ఇంకో ఏడాది ఆడింది, ఆ తర్వాత పిలుపు రావడం మానేసింది. నిడదవోలులో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరుగా చేరింది. రోజూ సాయంత్రం ఆరున్నరకు బస్సు దిగి షాపుకొచ్చేది, తండ్రీ కూతుళ్ళు కలిసి షట్టరు వేసుకుని ఇంటికి వెళ్ళేవారు. ఆ అరగంటలో తిట్లు తప్పేవి కావు. పేపర్లో ఎవరో పిల్లకు మెడల్ వచ్చిందని పడితే చాలు, "చూడు, ఆ స్థానంలో నువ్వుండాలి. చేతులారా కాలదన్నుకున్నావు" అని మొదలుపెట్టేవారు. ప్రసూన తల వంచుకుని వినేది. ఎప్పుడైనా చిన్నగా నవ్వి, "అవును నాన్నా, బుద్ధి లేక" అనేది. చేతులారా అన్న మాట ఆయన అన్నప్పుడల్లా ఆ పిల్ల కళ్ళు నా మీదకు వచ్చి పోయేవి. ఇలా ఏడేళ్ళు.

ఏడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నిడదవోలు లారీ డ్రైవరు ఒకాయన, తణుకులో సరుకు దించుతూ మధ్యలో షాపుకొచ్చాడు. కూతురికి రాష్ట్రస్థాయి పోటీల్లో వచ్చిన సర్టిఫికెట్టు చేతిలో ఉంది, మూడు జిరాక్సులు కావాలన్నాడు.

అప్పాజీగారికి బాస్కెట్‌బాల్ బొమ్మ చూడగానే ప్రాణం లేచొచ్చింది. "లామినేషన్ చేసిస్తానండీ, డబ్బులొద్దు. నీళ్ళు పోసినా చెక్కుచెదరదు."

"ఆయ్, వద్దండీ బాబూ. ప్లాస్టిక్కు మాత్రం వెయ్యొద్దండి. మా పాప మేడంగారు పిల్లలందరిచేతా ఒట్టు వేయించుకున్నారండి."

"అదేంటండీ, ఎందుకని?"

"వెనకాల ముద్ర పడాలంటండి. ఆ మేడంగారు ఇండియాకి ఆడేరంట. ఆవిడ సర్టిఫికెట్టుకి ఎవరో ప్లాస్టిక్కు వేసేశారంటండి, దాంతో వచ్చిన ఉద్యోగం పోయిందంట, ఆటా పోయిందంట. ఎవరేశారండీ అనడిగితే చెప్పరండి. తెలిసినవాళ్ళే, ప్రేమతోటే వేశారులే అంటారు."

డ్రైవరుకు తాను ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియదు. జిరాక్సులు తీసుకుని లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు.  అప్పాజీగారు నా దగ్గరికొచ్చి, నా మీద చెయ్యి పెట్టారు. నేనింకా వేడిగానే ఉన్నాను. ఆయన చెయ్యి తియ్యలేదు.

"మనమేనా" అన్నారు.

ఎప్పటిలాగే నన్ను కలుపుకున్నారు. నాకు ఏడుపు వచ్చే వీలుంటే ఆ పూట ఏడ్చి ఉండేదాన్ని.

సాయంత్రం దాకా ఆయన మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఏం చెప్పాలో తనలో తాను అనుకుంటూ ఉన్నారు. తల్లీ, నాకు తెలిసిపోయిందే. ఏడేళ్ళు ఎలా పడ్డావే. ఇలా ఏవేవో పెదాల మధ్యే నలుగుతున్నాయి. ఆరున్నరకు ప్రసూన వచ్చింది. మెళ్ళో విజిలు, చెప్పుల నిండా మైదానంలో దుమ్ము. బల్లమీద పేపరు తెరిచి ఉండటం చూసి, తిట్లకు తయారై, ఎప్పటిలా చేతులు ముందుకు కట్టుకుని నిలబడింది. "ఏంటి నాన్నా, ఇవాళ ఎవరికొచ్చింది మెడల్?" అంది నవ్వుతూ.

అప్పాజీగారు నోరు తెరిచారు. కూతురి మొహం చూశారు. ఆ మొహంలో ఏం కనబడిందో నాకు తెలియదు. పేపరు చేతిలోకి తీసుకుని, అందులోకి చూస్తూ అన్నారు. "ఎవరికొస్తే నీకెందుకు. నువ్వు కాలదన్నుకున్నావుగా."  దగ్గు వచ్చినట్టు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఎందుకలా చేశారో మర్నాడు పొద్దున్న షట్టరు తీశాక నాతో చెప్పారు. "ఏడేళ్ళు దాచిందే నాకోసం. ఆట పోయినా అది మాత్రం గెలుచుకుంటూ వచ్చింది. నాకు తెలిసిందని చెప్తే అదీ ఓడిపోద్ది. తిట్టడం మానేసినా కనిపెట్టేస్తాది, తెలివైన పిల్ల." బల్ల తుడుస్తూ, "తిట్టాలి, తప్పదు" అన్నారు. ఎవరో శిక్ష వేసినట్టుగా అన్నారు.

మనుషుల తెలివి చూడండి. కూతురేమో తండ్రి బాధపడకూడదని నిజం దాచింది. తండ్రేమో కూతురు దాచింది వృథా కాకూడదని తనకు తెలిసిన సంగతి దాచాడు. ఇద్దరికీ భాష వచ్చు, ఇద్దరూ రోజూ అరగంట ఎదురెదురుగా ఉండేవారు. ఒక్కమాట అనుకుంటే ఇద్దరి బరువూ దిగిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది, స్విచ్చి వేయకపోయినా.

ఆ రోజు తర్వాత ఆయన నన్ను వాడలేదు. మెషీన్ పాడైంది అని అట్టమీద రాసి నా నెత్తిన పెట్టారు. ప్రసూన అడిగితే, "సామాను దొరకట్లేదు" అన్నారు. నేను నిక్షేపంగా ఉన్నాను. అయినా ఆ నింద మోశాను, నాకు తగినదే అనుకుని. మునుపు షట్టరు ఆదివారమొక్కటే మూసేవారు. ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు కూడా మూసి, బస్సెక్కి నిడదవోలు వెళ్ళేవారు. శనివారాలు అక్కడ ప్రసూన పిల్లలకు ఆట నేర్పుతుంది. స్కూలు ప్రహరీ బయట, సోడా బండి వెనకాల నిలబడి చూసి, కూతురి కంటే ముందు బస్సుకే తిరిగొచ్చేసేవారు. వచ్చి నాకు చెప్పేవారు. "ఇవాళ చిన్నపిల్లకి ఫ్రీ త్రో నేర్పింది. అదొకటి వేసి చూపించింది. ఇప్పటికీ చెయ్యి అలాగే ఉందే." చెప్తూ చెప్తూ మోకాళ్ళు వంచబోయి, మానేసి, కుర్చీలో కూర్చునేవారు. గంట తర్వాత ప్రసూన వచ్చేది, ఆయన తిట్టేవారు. తిట్లు అవే. కానీ అంటున్నప్పుడు కూతురివైపు చూసేవారు కాదు, గోడమీద మేకులు మిగిలిన చోటు చూసేవారు. ఆమె తల వంచుకుని ఉండేది కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలియలేదు.

మూడేళ్ళు గడిచాయి. ఒక శనివారం, వాన పడుతుండగా, షాపు మూసి వెళ్ళారు. తిరిగి రాలేదు. నిడదవోలు బస్టాండులో బెంచీ మీద కూర్చుని, తణుకు బస్సు వచ్చినా లేవకపోతే కండక్టరు వచ్చి భుజం తట్టి చూశాడట. అప్పటికే అయిపోయింది.

పన్నెండు రోజులయ్యాక ప్రసూన వచ్చి షట్టరు తీసింది. సామానంతా సర్ది, గోడకున్న మేకులు పీకింది. నా నెత్తిన అట్ట తీసి పక్కన పెట్టి, ఏదో తోచి స్విచ్చి వేసింది. నేను వెంటనే వేడెక్కాను. మూడేళ్ళు కూర్చోబెట్టినా ఎక్కడా లోపం లేదని, ఎప్పుడూ లేదని ఆమెకు తెలియాలని నా శక్తంతా పెట్టి కాగాను. చెయ్యి దగ్గరగా పెట్టి చూసింది.

"పనిచేస్తోందే" అంది. "బాగుచేయించారన్నమాట. ఇంకేదో సామానుకోసమే నిడదవోలు వచ్చుంటారు ఆ రోజు."

కాదమ్మా. సామానుకోసం కాదు.

ఆయన కుర్చీలో కూర్చుంది. పదేళ్ళ నాటి మధ్యాహ్నం కూడా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. "ఆ పొద్దున్న కూడా తిట్టే వెళ్ళావు నాన్నా. నా మీద కోపం పోకుండానే పోయావు. ఒక్కసారి బాగా ఆడానని అనుంటే ఏం పోయేది" అంది. ఇంత దగ్గరలో ఉన్నాను. నాలోంచి ఎన్నో కాగితాలు వెళ్ళాయి, ఎవరెవరివో ఎన్నో మాటలు పదిలంగా బయటికొచ్చాయి. ఆ ఒక్క మాట మాత్రం నాలోంచి రాలేదు.

పాత సామాన్లవాడు రిక్షా తెచ్చి నన్ను తీసుకుపోయాడు. ఇప్పుడు నేను రైల్వే గేటు అవతల ఒక కొట్లో, రెక్కలు లేని ఫ్యానుకూ కుట్టుమెషీన్ చక్రానికీ మధ్య ఉన్నాను. నా రోలర్లు ఊడదీశారు. రేపో ఎల్లుండో మిగతా ఇనుమంతా కరగడానికి వెళుతుంది. దానికి నాకు విచారం లేదు. కానీ కరిగేలోగా ఇది ఎవరికైనా అప్పగించాలి, అందుకే మీకు చెప్పుకున్నాను. మీలో ఎవరైనా శనివారం మధ్యాహ్నం నిడదవోలు వెళితే, ఒక స్కూలు మైదానంలో పిల్లల మధ్య బాగా పొడుగాటి మేడం ఒకావిడ కనబడుతుంది. ఆవిడకు చెప్పండి, నాన్నగారికి మూడేళ్ళ ముందే అంతా తెలుసని. ఆ మూడేళ్ళూ ఆయన తిట్టుకున్నది తనను తానే అని.